ఫ్రెంచి క్రియాపదాన్ని ఎక్కడ విరవాలి?

‘అప్‌లే’ (పిలవడం) క్రియకు ‘నేను’తో రెండు ఎల్‌లు, ‘మేము’తో ఒకటే ఎల్ ఎందుకని అడిగారు. పుస్తకం మూసి, మాటను చెవికి వినపడే పలుకులుగా విరిస్తే జవాబు దొరుకుతుంది. నేను ట్యూషన్‌లో చెప్పే పద్ధతి అదే.

‘నేను’ రూపం ‘జ-పెల్’. చివరి ‘ఇ’ (e అక్షరం) పలకదు, కాబట్టి ఎల్ వెనక్కి జరిగి ‘పెల్’ను మూసేస్తుంది. అలా హల్లుతో మూతపడిన చోట ‘ఎ’ను స్పష్టంగా పలకాలి. రెండో ఎల్ చూపేది ఆ సంగతినే. ‘మేము’ రూపంలో ‘ఓఁ’ అనే ప్రత్యయం వచ్చి ఎల్‌ను తన వైపు లాక్కుంటుంది. దిక్కులేని ‘ఎ’ నీరసించి, మామూలు మాటల్లో అసలు వినపడదు: ‘అప్లోఁ’. ‘అష్తే’ (కొనడం) కథా ఇంతే, కాకపోతే అక్కడ హల్లును రెట్టించకుండా ‘ఇ’ మీద గ్రావ్ గీత (è, ఎడమ నుంచి కుడికి దిగే గీత) పెడతారు. 1990 నాటి ఫ్రెంచి వర్ణక్రమ సంస్కరణ ఇలాంటి క్రియలను చాలావరకు గీత దారి పట్టించింది గాని అప్‌లేను, జెతే (విసరడం)ను ముట్టుకోలేదు. వాడుక బలం ముందు తర్కం ఆగదు మరి.

మన పిల్లలకు అసలు చిక్కు నాలుకతో వస్తుంది. బస్సు, కారు అని చివర అచ్చు చేర్చే అలవాటు కొద్దీ ‘జపెల్లు’ అంటారు. మూతపడాల్సిన చోటు తెరుచుకుంటుంది, సూత్రం అర్థం కాకుండా పోతుంది. ఎల్ దగ్గర నాలుక కొనను పళ్ల వెనుక ఆనించి, తీయకుండా ఆగమంటాను.

ఇంకొకటి: ప్రత్యయం అతికే చోటు వేరు, పలుకు విరిగే చోటు వేరు. ‘పార్ల్’ (మాట్లాడడం) ధాతువుకు ‘ఓఁ’ చేరుతుంది, పలికేది మాత్రం ‘పార్-లోఁ’. తెలుగు లిపిలో రాసుకుంటే రేఫ, లకారం ‘ర్లోఁ’ అని ఒకే అక్షరంగా కలిసిపోయి తికమక పెడతాయి. ‘అక్క’లో మనం రాసేది అ-క్క, అనేది అక్-క. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అవుతుందని ఛందస్సులో చదివారుగా, ఆ చెవి ఇక్కడా పనికొస్తుంది.

ఇదే క్రియకు ‘వాళ్లు’ రూపం చివరి ఇ-ఎన్-టి మామూలుగా పలకదు, అందుకే ఏకవచనమూ బహువచనమూ ‘పార్ల్’ అనే వినిపిస్తాయి. ప్రశ్నగా తిప్పితే ఆ టి లేచి కూర్చుంటుంది: ‘పార్ల్-తిల్’. ఏకవచనంలో లేని టిని మధ్యలో తెచ్చి పెడతారు కనుక అక్కడా చెవికి తేడా తెలియదు.

సంప్రదాయ పద్యంలో లెక్క మారుతుంది. హల్లుకు ముందు వచ్చే చివరి ‘ఇ’ కూడా అక్షరంగా లెక్కకొచ్చి ‘పార్-ల’ రెండవుతుంది. మీ పాఠాల్లో పద్యాలు లేకపోతే ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లకండి.