కాగితం తిరగేసి పట్టుకున్నారేటి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొండల మీంచే వచ్చాయి. ముప్పై ఏళ్ళు రాడార్ చిత్రాలతో కుస్తీ పట్టి రిటైరైన దాన్ని కాబట్టి ఈ నెల కొంచెం ఎక్కువే మాట్లాడతాను, భరించండి.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు. హైస్కూల్లో సోషల్ చెబుతాను. వానాకాలంలో మా కొండల మీద మబ్బు వారాల తరబడి కదలదు. రాడార్ ఉపగ్రహం మబ్బులోంచి కూడా చూస్తుందనీ, ఎక్కడ అడవి, ఎక్కడ పోడు, ఎక్కడ వరి అన్నది దాంతో మ్యాపు వేస్తారనీ పేపర్లో చదివాను. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే చిత్రం ఒకటి తెరిచి చూస్తే మా ఊరి వెనక కొండ ఒక పక్క తెల్లగా, రెండో పక్క నల్లగా ఉంది. రెండు పక్కలా ఉన్నవి అవే కాఫీ తోటలు. ఎందుకిలా మేడమ్? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, తెల్లగా ఉన్నది తూర్పు పక్కేనా? అయితే మీరు తెరిచింది పొద్దుటి చిత్రం.

మామూలు కెమెరా ఎండ మీద బతుకుతుంది. రాడార్ తన దీపం తనే తెచ్చుకుంటుంది. మీరు చూసింది యూరప్ వాళ్ళ రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 తీసిన చిత్రమే అయి ఉంటుంది. అది 693 కిలోమీటర్ల ఎత్తు నుంచి సుమారు 5.6 సెంటీమీటర్ల తరంగాన్ని కిందికి కొట్టి, వెనక్కి ఎంత వచ్చిందో కొలుస్తుంది. అంత పొడవు తరంగానికి మబ్బు ఉన్నా లేనట్టే. అయితే అది నిటారుగా కిందికి చూడదు, కుడి పక్కకి ఏటవాలుగా చూస్తుంది. పొద్దున ఆరింటి ప్రాంతంలో ఉత్తరం నుంచి దక్షిణానికి పోతూ పడమటి వైపు, సాయంత్రం ఆరింటికి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ తూర్పు వైపు. అంటే పొద్దున అది మీకు తూర్పున ఉంటుంది. ఉదయపు ఎండ లాగే దాని దెబ్బంతా తూర్పు వాలు మీద పడుతుంది.

పెంకుటింటి కప్పు మీద రెండు పక్కలా మిరపకాయలు ఆరబోశారనుకోండి. పొద్దున తూర్పు పక్కవి మెరుస్తుంటాయి, పడమటి పక్కవి నీడలో నల్లగా ఉంటాయి. కాయలు మాత్రం ఒకే కళ్ళంలోవి. కొండ మీద రాడార్ చిత్రం అంతే. మీరు చూసిన తెలుపులో కాఫీ వాటా ఎంతో, వాలు వాటా ఎంతో విడదీస్తే గాని మ్యాపు మొదలుకాదు.

వెలుగుతో పాటు ఆకారం కూడా మారుతుంది. రాడార్ కొలిచేది దూరాన్ని. దాని వైపు తిరిగిన వాలు మీద కొండ అడుగుకీ పైకీ దూరంలో పెద్ద తేడా ఉండదు కనుక వాలంతా చిత్రంలో ముడుచుకుపోతుంది. చూపు నిటారు గీత నుంచి 35 డిగ్రీలు వాలి, కొండ 20 డిగ్రీల వాలుందనుకోండి. ఈ వాలు మీది 100 మీటర్లు, చిత్రంలో సాపు నేల మీది 45 మీటర్లు పట్టే జాగాలోనే ఇరుక్కుంటాయి. చూపు వాలు కంటే కొండ వాలు ఎక్కువైతే కొండ తల పాదాల కంటే ముందే రాడార్‌కి దగ్గరై, చిత్రంలో ముందుకు బోర్లా పడుతుంది. అక్కడ లోయలోని వరీ, పైనున్న రాయీ, మధ్యలో చెట్టూ ఒకే చుక్కలో కలిసిపోతాయి. ఇక ఏ సాఫ్ట్‌వేరూ వాటిని విడదీయలేదు. పూర్తి నల్లటి నీడ పడాలంటే అవతలి వాలు ఇంకా నిలువుగా ఉండాలి. అది హిమాలయాల్లో మామూలు, మన తూర్పు కనుమల్లో అరుదు.

ఇదంతా పుస్తకంలో చదివి పాసైన దాన్నే. అయినా 2016 ఫిబ్రవరిలో మీ పక్క కొండల్లోనే పరువు పోగొట్టుకున్నాను. మేము వేసిన మ్యాపులో ఒక కొండకి తూర్పు వాలు దట్టమైన అడవి, పడమటి వాలు పొదలు. సరిచూద్దామని ప్రింటు తీసుకుని, జీపు గెడ్డ దగ్గర వదిలేసి నడిచాం. దారి చూపించడానికి ఊళ్ళోంచి ఒక పెద్దాయన వచ్చాడు. తూర్పు వాలు ఎక్కాం. అడవి లేదు. నిరుడు కోసిన చోడి మోళ్ళు, అక్కడక్కడ కాలిన మొద్దులు, నాలుగు జీలుగు చెట్లు. నేను కాగితం చూస్తున్నాను, ఆయన నన్ను చూస్తున్నాడు. చివరికి అన్నాడు: "అడివి అటేపు కదమ్మా. కాగితం తిరగేసి పట్టుకున్నారేటి?"

నిజంగానే అడవి అవతలి పక్క ఉంది. వాలు దిద్దుబాటు చేయకుండా చిత్రాన్ని వర్గీకరణకి, అంటే ఏ చుక్క అడవి, ఏది పొద అని కంప్యూటర్‌తో పేర్లు పెట్టించడానికి, ఇచ్చేసిన తప్పు నాదే. గడువు దగ్గర పడిందని ఒక మెట్టు దాటేశాను. తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ దిద్దుబాటుకి ముందు కొండ ఎత్తుపల్లాలు తెలియాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక 11 రోజులు తిరిగి రాడార్‌తోనే భూమి ఎత్తులు కొలిచింది. సుమారు 30 మీటర్ల గళ్ళలో ఆ లెక్క అందరికీ ఉచితం. దాన్ని పట్టుకుని ప్రతి గడిలో వాలు ఎటు, ఎంత అని చూసి, అందులోంచి ఎంత ప్రతిధ్వని రావాలో లెక్కగట్టి, ఆ మేరకు సరిచేస్తారు. దీంతో తెలుపు నలుపుల తేడా చాలావరకు పోతుంది. పూర్తిగా పోదు. ఆ 30 మీటర్ల గడిలో ఇమడని గట్లూ బండలూ మీ కొండల్లో కోకొల్లలు.

నేను ఎక్కువగా నమ్మేది ఇంకో పద్ధతిని. ఒక వాలుని పక్క వాలుతో పోల్చకుండా, నిరుటి నుంచి నేటి దాకా దాన్ని దానితోనే పోల్చడం. ఒక సెంటినెల్-1 ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిలో, అదే కోణంలో వస్తుంది. కొండ కదలదు కాబట్టి చిత్రానికీ చిత్రానికీ మధ్య మారింది చాలావరకు మొక్కలూ తడీ. గెడ్డ పక్క వరి మడి నాట్లప్పుడు నీళ్ళతో నల్లగా ఉంటుంది, పైరు ఎదిగే కొద్దీ రెండు నెలల్లో తెల్లబడుతుంది. పోడు కోసం వేసవిలో కొట్టి కాల్చిన చోట ప్రతిధ్వని ఒక్కసారి పడిపోయి, వానలకి చోడి, సామ ఎదిగాక కొంత లేచి, కోతకి మళ్ళీ పడుతుంది. అడవి ప్రతిధ్వని ఏడాది పొడవునా పెద్దగా మారదు. వాన పడిన మర్నాడు మాత్రం అన్నీ కాస్త తెల్లబడతాయి, ఆ రోజు చిత్రాన్ని చూసి కంగారు పడకండి.

మీ కాఫీ సంగతి. దానికి నీడ ఇచ్చేవి సిల్వర్ ఓక్ చెట్లు కదా. 5.6 సెంటీమీటర్ల తరంగం పైన ఆకులూ రెమ్మల దగ్గరే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. కింద కాఫీ ఉందో, ఓక్‌కి మిరియం తీగ పాకి ఉందో దానికి దాదాపు తెలియదు. అంచేత దిద్దుబాటయ్యాక మీ కొండ రెండు పక్కలూ మ్యాపులో "అడవి" అయిపోతాయి. తోట అని రాయాలంటే ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి.

ప్రశ్న: మేము తాతల నాటి నుంచి సాగు చేస్తున్న వాలుకి అటవీ హక్కుల పట్టా అడిగితే, ఉపగ్రహ చిత్రంలో అడవిలా ఉందని అంటున్నారు. చిత్రం అంటే అంతేనా, ఇంక మాట లేదా? – చింతపల్లి మండలం నుంచి

జవాబు: మాట ఉంది. 2006 చట్టం ప్రకారం గిరిజన రైతు 2005 డిసెంబర్ 13 నాటికి ఆ నేల తన అధీనంలో ఉందని చూపించాలి. 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడుగా ఉండొచ్చు గానీ వాటికి బదులు కాదని స్పష్టంగా చెప్పాయి. పెద్దల వాంగ్మూలం, పాత రికార్డులు, నేల మీద గట్లూ సమాధుల వంటి గుర్తులూ అన్నీ లెక్కలోకి వస్తాయి.

ముందు ఆ చిత్రం ఏ ఉపగ్రహానిది, ఏ తేదీదో రాతపూర్వకంగా అడగండి. సెంటినెల్-1 పైకి వెళ్ళిందే 2014 ఏప్రిల్‌లో. 2005 గురించి అది సాక్ష్యం చెప్పలేదు. పైగా పోడులో ఒక ముక్కని రెండు మూడేళ్ళు బీడు వదలడం ఆనవాయితీ. ఆ బీడులో లేచిన పొదలని పైనుంచి చూసి పల్చటి అడవి అనుకోవడం తేలిక. ఈ పొరపాటు చేసిన మ్యాపులు నేను చాలా చూశాను. ఒకటి రెండు నేనే చేశాను.

ప్రశ్న: నేను విశాఖలో ఎంటెక్ చేస్తున్నాను. అరకు ప్రాంతానికి సెంటినెల్-1తో వర్గీకరణ చేస్తే 94 శాతం ఖచ్చితత్వం వచ్చింది. మా గైడ్ గారు నమ్మడం లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, గైడ్ గారి వైపే నా ఓటు. సరిచూడ్డానికి పాయింట్లు ఎక్కడ తీసుకున్నావు? ఘాట్ రోడ్డు పక్కనే కదూ! బైక్ ఆపి జీపీఎస్ నొక్కి, మళ్ళీ బైక్ ఎక్కితే వచ్చేవన్నీ సాపు నేల పాయింట్లే. కొండ మీద మ్యాపు తప్పేది వాలు మీద. తూర్పు వాలుకి కొన్ని, పడమటి వాలుకి కొన్ని, లోయకి కొన్ని విడిగా తీసుకుని, ఒక్కోదానికీ శాతం విడిగా రాయి. మొత్తం 94 కాస్తా 80కి దిగితే దిగనీ. వైవాలో నిన్ను కాపాడేది ఆ 80.

ఒక్క రోజు చిత్రంతో చేశావేమో కూడా చూసుకో. రాడార్ చిత్రం నూకలు చల్లినట్టు గరగరలాడుతుంది. ఏడాది చిత్రాలు పేర్చి సగటు తీస్తే ఆ నూక చాలా తగ్గుతుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఆకాశం తేటగా ఉంటుంది కనుక ఎండ వెలుగులో కెమెరాతో తీసే సెంటినెల్-2 ఉపగ్రహం మామూలు చిత్రాలు కూడా కలుపు. మబ్బు లేనప్పుడు కూడా రాడారే వాడతాననడం పట్టుదలే తప్ప సైన్స్ కాదు. చిత్రంలో బోర్లాపడిన చోట్లకి ఏ పేరూ పెట్టకుండా ఖాళీగా వదిలెయ్. ఖాళీలున్న మ్యాపుని చూసి గైడ్ గారు సంతోషిస్తారు.

ప్రశ్న: చీకట్లోనూ మబ్బులోనూ కనిపిస్తే మా ఇంట్లోకి కూడా చూస్తారా? – ఒక గృహిణి, విజయనగరం

జవాబు: మీ ఇల్లంతా కలిపి రెండు మూడు చుక్కలమ్మా. గోడకీ నేలకీ తగిలి వెనక్కి వచ్చే ప్రతిధ్వని వల్ల ఊరు తెల్లగా మెరుస్తుంది, అంతే. పోపులో ఇంగువ వేశారో లేదో మా వల్ల కాదు.

ప్రశ్న: కొత్తగా వెళ్ళిన నిసార్ రాడార్ ఉపగ్రహంతో ఈ కొండల సమస్య తీరుతుందా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొంత. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నిసార్‌లో రెండు రాడార్లున్నాయి. ఇస్రో ఇచ్చినది పొట్టి తరంగం, నాసా ఇచ్చినది సుమారు 24 సెంటీమీటర్ల పొడవాటి తరంగం. పొడవాటిది ఆకుల్ని దాటి కొమ్మలూ మానుల దాకా పోతుంది. కాబట్టి పోడు బీడుకీ ముదురు అడవికీ తేడా బాగా పట్టుకుంటుంది. అడవి మరీ దట్టమైతే, హెక్టారుకి చెట్ల ఎండు బరువు సుమారు 100 టన్నులు దాటాక, ఇంకా ఎంత పెరిగిందో చెప్పలేక అదీ మొరాయిస్తుంది. వాలు బాధ దానికీ తప్పదు, అది కూడా పక్కకే చూస్తుంది కాబట్టి.

కాకపోతే ఒక మంచి సంగతి. సెంటినెల్ కుడికి చూస్తే నిసార్ ఎడమకి చూస్తుంది. అదీ పొద్దున ఆరింటికే ఉత్తరం నుంచి దిగుతుంది గానీ చూపు తూర్పుకి. అంటే పాడేరు మాస్టారి కొండకి పొద్దున నల్లగా ఉన్న పడమటి పక్క దీనికి తెల్లగా కనిపిస్తుంది. మాస్టారూ, ఆ చిత్రం కూడా ఉచితమే. దించుకుని రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకి చూపించండి. కాగితం తిప్పి పట్టుకోకుండానే.