పొగ ఎంత మిగిలింది?

తమ్ముడూ,

స్కాట్లాండ్‌లోని లగవూలిన్ డిస్టిలరీ వాళ్ల పదహారేళ్ల సింగిల్ మాల్ట్ విస్కీ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేరాలో ఉన్న ‘అద్భుతం’, ‘అమోఘం’ రెండూ కొట్టేయి. అవి పాయసానికీ సరిపోతాయి. చదివేవాడి చేతికి గ్లాసు అందదు, నీ మాటే అందుతుంది.

వాసన దగ్గర నిదానించు. మూతి సన్నని గ్లాసులో కొంచెం పోసి, పెదవులు కాస్త విడదీసి వాసన చూడు. నాకు ముందు పొగ, వెనకే అయోడిన్, తారు, సముద్రపు ఉప్పుగాలి, చాలాసేపటికి ఎండుద్రాక్ష తీపి తగులుతాయి. నీ వరుస వేరే కావచ్చు, అదే రాయి. సీసా మీది వర్ణన ముందే చదివితే నీ ముక్కు దానికి లొంగిపోతుంది, చివరికి చదువు. తర్వాత నాలుగు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడు. విస్కీ పలచబడితే పొగ వాసననిచ్చే గ్వయాకాల్ పైభాగానికి ఎక్కువగా చేరుతుందని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపారు.

ఒక వాక్యం మాత్రం తప్పక మార్చాలి. పదహారేళ్లు పీపాలో ఉండటం వల్ల ఇంత పొగ చేరిందని రాశావు. పొగ పీపాది కాదు. లగవూలిన్ ఉన్న ఐలా దీవి చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా నాచు, గడ్డి పేరుకుని పీట్ అవుతుంది. విస్కీకి వాడే మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు ఆ పీట్ పొగ తడి గింజకు పడుతుంది. లగవూలిన్ వాడే బార్లీలో ఫినాళ్లు, అంటే పొగ వాసననిచ్చే రసాయనాలు, పది లక్షల పాళ్లకు సుమారు 35. బట్టీ దాటేసరికే వాటిలో చాలా భాగం పోతుంది. పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ మిగిలిన పొగ పదును కూడా తగ్గి, ఓకు చెక్క తీపి పైకి వస్తుంది. అంటే నువ్వు రుచి చూసింది, పదహారేళ్ల తర్వాత కూడా పోకుండా నిలిచిన పొగ. నీ వ్యాసానికి అసలు విషయం ఇదే!

ఇంకొకటి, సీసా మీది ఆ 16 సగటు వయసు కాదు. సీసాలో కలిసిన విస్కీల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు.

వీలైతే అదే డిస్టిలరీ ఎనిమిదేళ్ల సీసా పక్కన పెట్టుకో. దానిలో ఆల్కహాల్ 48 శాతం, నీదానిలో 43. నీళ్లతో రెండిటినీ ఒకే గాఢతకు తెచ్చాకే పోల్చు. గుక్క గుక్కకీ ఆగి రాసుకో, ఆ కాగితాలు దిద్దకుండా నాకు పంపు.

మీ అన్నయ్య