వన్యప్రాణి పరిశోధన నేర్చుకోవాలంటే తిరుపతి వదిలి వెళ్లాల్సిందేనా?

బీఎస్సీ జువాలజీ రెండో ఏడాదిలో ఉన్నానని, వన్యప్రాణి సంరక్షణ మీద పరిశోధన చేయాలని ఉందని రాశారు. అందుకు వన్యప్రాణి సంస్థ ఉన్న దెహ్రాదూనో విదేశమో వెళ్లక తప్పదా, తిరుపతిలో ఉండి నేర్చుకోగలిగింది ఏమన్నా ఉందా, "ఆడపిల్లకి అడవులెందుకు" అంటున్న ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలి అని అడిగారు. నేను పలమనేరు పక్క పల్లెలో పుట్టిన మనిషిని. తిరుపతిలోనే డిగ్రీ చదివి ఇదే దారిలో వచ్చాను కాబట్టి నాకు జరిగింది చెప్తాను.

ఎక్కడ చదవాలన్నది తర్వాత చూద్దాం. అసలు ఈ చదువు మనకు ఏం నేర్పుతుందో నాకు ఎమ్మెస్సీ చివర్లో గానీ తెలియలేదు. అది మీకు ఇప్పుడే తెలిస్తే రెండేళ్లు కలిసొస్తాయి.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఏనుగుల వల్ల జరిగే పంట నష్టం మీద. దాదాపు రెండు వందల ఏళ్లు ఏనుగు జాడే లేని మన వైపుకి 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు రావడం మొదలైంది. 1990లో పలమనేరు, కుప్పం ప్రాంతంలో సుమారు 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టూ చేలు, మధ్యలో సన్నటి అడవి. కందకాలు తవ్వితే ఏనుగు గట్టు మట్టిని కాళ్లతో లోపలికి తోసి దాటుతుంది. సోలార్ కంచె వేస్తే చెట్టు విరిచి తీగ మీద పడేస్తుంది. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన వాటిని కూడా తెచ్చారు. మా ఊళ్లో రాత్రి కాపలా అంటే ఏమిటో తెలిసినదాన్ని గనుక ఈ ప్రాజెక్టు నాకు కొట్టిన పిండి అనుకున్నాను.

రెండు నెలలు రోజూ తెల్లవారగానే స్కూటీ వేసుకుని, పంట తొక్కిందని ఏ ఊరి నుంచి కబురొస్తే ఆ ఊరికి పోయేదాన్ని. తడి మన్నులో ముందుకాలి ముద్ర దొరికితే దాని అంచు చుట్టూ పురికొస పరిచి, ఆ పురికొసను టేపు మీద పెట్టి కొలవాలి. ఆ కొలతను రెండింతలు చేస్తే ఏనుగు భుజం దాకా ఎత్తు దాదాపుగా వచ్చేస్తుంది. ఒక తాత తన టమోటా చేలో పురికొస రెండో చివర పట్టుకుని కూర్చుని, మధ్యలో ఆపి, "ఇది రెండు కాళ్ల గుర్తు పాపా, వెనక కాలు ముందుకాలి మీద పడింది, పక్కది కొలువు" అన్నాడు. చూస్తే నిజమే, ముద్ర అంచు ఒకవైపు జంటగా ఉంది. అంతకుముందు నేను కొలిచినవాటిలో ఎన్ని అట్లా తప్పిపోయాయో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏ తరగతిలోనూ ఎవరూ ఆ మాట నాకు చెప్పలేదు.

అరవై పైచిలుకు పొలాలు కొలిచాక కాయితాలు తీసుకెళ్లి మా సార్‌కి చూపించాను. నష్టపోయిన పొలాలన్నీ చెరువుల దగ్గరే ఉన్నాయి, కాబట్టి ఏనుగులు నీళ్ల కోసం వస్తున్నాయి అని అప్పటికే రాసేసుకున్నాను. ఆయన పేజీలన్నీ తిప్పి, "ఏనుగు రాని పొలం ఇందులో ఎక్కడుంది?" అని అడిగారు. రాని చోటికి నేనెందుకు వెళ్తాను సార్ అన్నాను. "మీ వైపు పొలాలు చెరువుల దగ్గర కాక ఇంకెక్కడుంటాయి? రాని పొలాలు కూడా చెరువు పక్కనే ఉంటే అప్పుడేమంటావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రెండు నెలల పని పోయినట్టే.

మళ్లీ మొదలుపెట్టాను. మ్యాపు మీద గళ్లు గీసి, ప్రతి గడిలో పొలాల నంబర్లు చీటీలు రాసి, ఏ చీటీ వస్తే ఆ పొలానికి వెళ్లడం. కబురొచ్చినా రాకపోయినా సరే. రైతులు వింతగా చూసేవాళ్లు. "మా చేన్లోకి రాలేదు గదమ్మా, ఏం రాసుకుంటావు?" అని ఒకామె అడిగింది. రాలేదనే రాసుకుంటానక్కా అన్నాను. చివరికి లెక్క కట్టి చూస్తే చెరువు దూరానికి పెద్ద విలువ లేదు. అడవి అంచు ఎంత దూరంలో ఉంది, ఆ నెల చేలో ఏ పంట ఉంది అన్నవే తేడా చూపించాయి. నేను మొదట రాసుకున్న మాట అట్లాగే అచ్చయి ఉంటే, చెరువుల దగ్గర కంచె వేయమని ఎవరైనా దాన్ని చూపించి అడిగి ఉండేవాళ్లు. డబ్బు పోయేది, ఏనుగులు మాత్రం వచ్చేవి.

కనిపించని చోటును కూడా ఓపికగా, నిజాయితీగా రాసుకోవడం. నా దృష్టిలో ఈ చదువంతటికీ పునాది అదే. మనలాంటి ఉష్ణమండలంలో ఇది మరీ ముఖ్యం. ఇక్కడ జాతులు చాలా, అందులో ఎక్కువ జాతులకు జీవాలు కొద్దే. పైగా దట్టమైన పొదలు, రాత్రిళ్లే తిరిగే జంతువులు. ఉన్నా కనబడవు. ఒకసారి వెళ్తే ఒక జంతువు కంటపడే అవకాశం సగమే అనుకోండి. అది అక్కడ ఉండి కూడా మూడుసార్లు వెళ్లినా కనబడకుండా తప్పిపోయే అవకాశం ఎనిమిదో వంతు ఉంటుంది. అందుకే ఒకే చోటికి పదేపదే వెళ్లి, ప్రతిసారీ కనబడిందా లేదా అని రాస్తారు. ఆక్యుపెన్సీ పద్ధతి అనేది మూలంలో ఈ లెక్కే.

మన కలివి కోడి అనే అరుదైన పక్షి కథ మీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం వైపు మళ్లీ దొరికింది. పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడు, రాత్రిపూట లైటు వెలుగులో. ఆ పక్షి రాత్రుళ్లు తిరిగేది. తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీల్లా చదును చేసి, పొద్దున్నే వచ్చి వాటి మీద పక్షి అడుగులు వెతికారు. ఎక్కువ రోజులు ఆ పట్టీల మీద ఏమీ ఉండదు. ఆ ఖాళీ రోజుల్ని కూడా లెక్కలో వేసుకుంటేనే అది ఎలాంటి పొదల్లో ఉంటుంది, ఎంత దట్టమైతే వదిలేస్తుంది అన్నది తేలుతుంది.

ఇక తిరుపతిలో ఏం చేయొచ్చు అంటే, చాలా చేయొచ్చు. మీ కాలేజీ నుంచి కొండ కనబడుతూనే ఉంటుంది కదా. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. రాతి సందుల్లో బంగారు బల్లి ఉంటుంది. చాలా ఆడబల్లులు ఒకే బండకు గుడ్లు అంటించి పెడతాయి, పిల్లలు వెళ్లిపోయాక కూడా బండ మీద తెల్లటి ఉంగరాల్లా గుర్తులు ఉండిపోతాయి. బల్లి కనబడని రోజు ఆ గుర్తులే సాక్ష్యం. రాత్రి ఎర్ర లైటు వేస్తే దేవాంగపిల్లి (చెట్ల మీద తిరిగే చిన్న లోరిస్) కళ్లు మెరుస్తాయి. జిల్లాల విభజన జరిగిన 2022 నుంచి నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్ సరస్సు కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చలికాలంలో నేలపట్టులో గూడబాతుల గూళ్లు ఒకే టవర్ మీద నుంచి లెక్కపెట్టి, తర్వాత వేరే దిక్కు నుంచి లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలకూ తేడా ఎందుకొచ్చిందని ఆలోచిస్తే ఒక సెమిస్టరు పాఠం అక్కడే అయిపోతుంది.

ఒక జాగ్రత్త. అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లకండి, రాత్రి అసలు వద్దు. ఎర్రచందనం దొంగల వల్ల శేషాచలంలో ఎప్పుడూ టెన్షనే. ఎవరు ఎవరో చీకట్లో తెలియదు. అభయారణ్యంలో, నేషనల్ పార్కులో పరిశోధనకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. అది రావడానికి నెలలు పట్టొచ్చు, ముందే అప్లై చేయాలి. వచ్చాక కూడా అక్కడి అటవీ బీటు ఆఫీసర్‌కి చెప్పే లోపలికి వెళ్లాలి. అప్పటిదాకా కాలేజీ ఆవరణ, ఊరి చెరువు చాలు. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, గుర్తుపట్టిన ప్రతి పక్షినీ ఈబర్డ్ అనే పక్షుల జాబితా యాప్‌లో రాసి, "పూర్తి జాబితా" అని టిక్ పెట్టండి. ఆ టిక్ ఉంటేనే మీరు రాయని పక్షి అప్పుడు మీకు కనబడలేదని తెలుస్తుంది. నాలుగు అందమైన పక్షులే రాసి పెడితే ఆ విషయం ఎవరికీ తెలియదు.

పుస్తకాల గురించి ఒక మాట. మనం డిగ్రీలో ఎకాలజీ చదివేది ఎక్కువగా చలిదేశాల ఉదాహరణలతో, మంచు కుందేలు, దాన్ని వేటాడే లింక్స్ అనే అడవిపిల్లి అంటూ. మన అడవికి కాలం అంటే వానే. ఎండాకాలానికి ఆకు రాల్చేసి, ఈశాన్య రుతుపవనం పడే అక్టోబరు, నవంబరుల్లో వేరే రూపం ఎత్తుతుంది. ఇలాంటి ఎండు అడవిని ఎట్లా చదవాలో తెలియాలంటే తమిళనాడులోని ముదుమలై అడవి గురించి చదవండి. అక్కడ 1988లో బెంగళూరు ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్లు యాభై హెక్టార్ల ప్లాటు వేసి, సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకూ నంబరు వేసి వెంబడిస్తున్నారు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో మొదలైన ప్లాటుదీ అదే పద్ధతి. విదేశం వెళ్లాలనుంటే కోస్టారికాలో 1963 నుంచి ఉష్ణమండల అధ్యయనాల సంస్థ నడిపే ఫీల్డ్ కోర్సుల్లాంటివి మంచివే. కానీ అది డిగ్రీ అయిన వెంటనే అక్కర్లేదు.

పెద్ద చదువుకి నా సలహా ఇది. దెహ్రాదూన్‌లో వన్యప్రాణి సంస్థ ఎమ్మెస్సీ, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ, పుదుచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ. మూడింటికీ ప్రయత్నించండి. సీటు రాకపోతే తిరుపతిలోనే ఎస్వీయూలో (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) జువాలజీయో బోటనీయో చేయండి, నష్టమేమీ లేదు. తిరుపతి పక్కన ఏర్పేడులో ఉన్న ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థలో కూడా ఎకాలజీ పరిశోధన జరుగుతోంది, పీహెచ్‌డీకి అక్కడికి వెళ్లొచ్చు. గేట్ అనే జాతీయ పరీక్షలో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని విడిగా పేపరు ఉంది, అది రాయండి. ఏదో ఒక వేసవిలో గణాంకాల లెక్కలకు వాడే ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. గణాంకాలంటే భయపడి ఈ దారి వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లలో నాకంటే అడవి బాగా తెలిసినవాళ్లున్నారు. ఇప్పటికీ బాధేస్తుంది.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది రానంతవరకు ప్రాజెక్టు ఉద్యోగాలు ఆరు నెలలు, ఏడాది. నేను చేసిన ఒక చోట ఐదు నెలలు జీతం రాలేదు. చేరే ముందే జీతం ఏ తేదీన, ఎవరి ఖాతా నుంచి వస్తుందో కాయితం మీద అడిగి తీసుకోండి.

ఇంట్లోవాళ్ల మాటకొస్తే, మా నాన్నని నేను మాటలతో ఒప్పించలేకపోయాను. ఒక ఆదివారం నాతో పాటు చీటీలో వచ్చిన పొలానికి రమ్మన్నాను. అక్కడ రైతుతో ఆయన రెండు గంటలు ఏనుగుల గురించి మాట్లాడారు, నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు రేపటి చీటీ ఏ ఊరిదని అడిగారు. మీ నాన్ననో అమ్మనో ఈ నవంబరులో ఒక పొద్దున చెరువు కట్ట మీదికి మీతో తీసుకెళ్లండి. బైనాక్యులర్స్ ముందు వాళ్ల చేతికే ఇవ్వండి.