ముందు ఆ నోట్‌బుక్ మూసేయండి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పెళ్లయ్యాక దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ, ఆ తర్వాత కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేసి, ఏడాదిగా ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా ఆడపడుచు నాలుగు నెలల క్రితం పుట్టింటికి వచ్చేసింది, తిరిగి వెళ్లనంటోంది. నా చదువు దండగ అంటూ వచ్చిన మా అత్తగారు మొదటిసారి పక్కింటావిడతో "మా కోడలు డాక్టరుతో సమానం" అని, నాతో "ఇంట్లో నువ్వుండగా బయట డబ్బులు పోయడమెందుకు, దాని మనసు మార్చి పంపించు" అన్నారు. రోజూ సాయంత్రం బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని కూర్చుంటున్నాం, నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అత్తగారు హాల్లో సీరియల్ సౌండు తగ్గించేస్తారు. భర్త రెండుసార్లు కొట్టాడని, "అమ్మకి చెప్పొద్దు వదినా" అని తను చెప్పింది. పడుకుంటే తెల్లారకపోతే బాగుండనిపిస్తోందని కూడా ఒకసారి అంది. గదిలోంచి రాగానే అత్తగారు "ఏమంది?" అంటారు. మావారు "నా చెల్లెలి సంగతి నా దగ్గరే దాస్తావా" అంటారు. ఆయనకు సగం చెప్పేశాను. ఇప్పటిదాకా సలహాలివ్వకుండా, తప్పుపట్టకుండా వినే కార్ల్ రోజర్స్ పద్ధతిలో వింటూ వచ్చాను, మార్పు లేదు. ఆలోచనల్ని సరిదిద్దే సీబీటీ పద్ధతికి మారితే ఫలితం ఉంటుందా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: మారినా ఉండదు. మీరడిగినదానికి జవాబు అంతే, ఇక దాన్ని పక్కన పెట్టేద్దాం.

ముందు, మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన సంగతి చూడాలి. తెల్లారకపోతే బాగుండని ఒక మనిషి అన్నాక మిగతావన్నీ ఆగిపోవాలి కదమ్మా, మీరేమో తర్వాతి వాక్యంలో పద్ధతుల గురించి అడుగుతున్నారు. ఇది చదివిన రోజే, చుట్టూ తిప్పకుండా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని కూడా ఏమైనా అనుకున్నావా?" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లకు ఒక భయం ఉంది, అది ఉత్త భయమే. అడిగే మనిషి ఒకరు దొరికారని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఎలా అన్నది కూడా అనుకుందని తెలిస్తే ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందు లాంటివి ఇంట్లో ఉంటే తీసేయండి, ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రయినా పగలైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ అక్కర్లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు రహస్యం అన్నది అడ్డం రాదు, అప్పుడు మీవారికి చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కాకపోతే చెప్పబోతున్నానని ముందు ఆ అమ్మాయికి చెప్పి, ప్రాణానికి సంబంధించినంత వరకే చెప్పండి.

సీబీటీ అంటున్నారు. మనసులో ఠక్కున మెదిలే ఆలోచనను పట్టుకుని, దానికి ఆధారం ఉందో లేదో ఇద్దరూ కలిసి చూడాలన్నది కదా ఆ పద్ధతికి బాట వేసిన ఆరన్ బెక్ చెప్పింది. మీ ఆడపడుచు ఆలోచనేమిటి? వెళ్తే మళ్లీ కొడతాడని. ఇప్పటికే రెండుసార్లు కొట్టాడు. ఇందులో మీరు దిద్దాల్సిన తప్పుడు ఆలోచన ఎక్కడుందో నాకైతే కనపడలేదు. రోజర్స్ పనిచేయలేదన్న మాట కూడా నేను ఒప్పుకోను. మనిషిలో మార్పు రావాలంటే కావాలని 1957లో ఆయన రాసిన షరతుల్లో సహానుభూతి, మనిషిని మనిషిగా బేషరతుగా ఒప్పుకోవడం మీకు పరీక్షల నాటి నుంచి కంఠతా వచ్చే ఉంటాయి. వాటి పక్కనే ఇంకోటి ఉంది, ఎదుట కూర్చున్న మనిషి దగ్గర మనం లోపలొకటి పెట్టుకుని బయటొకటి చూపించకూడదని. మీరు తలూపుతూ వింటున్నారు, లోపల మాత్రం ఎలాగైనా ఒప్పించి పంపాలని ఉంది. ఆ అమ్మాయికి అది తెలియకుండా ఉంటుందా? 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అని ఇంకో సైకాలజిస్టు, ఏ రకం చికిత్సయినా సరే, ఎక్కడికి చేరాలి, అందుకేం చేయాలి అన్న రెండింట్లో ఇద్దరికీ ఒప్పుదల ఉండాలని, ఇద్దరి మధ్యా నమ్మకం ఉండాలని రాశాడు. మీ గదిలో నడుస్తున్నది ఎవరి కోరిక? మంచం మీద కూర్చున్న పిల్లది కాదు, హాల్లో సీరియల్ సౌండు తగ్గించి కూర్చున్న ఆవిడది.

అసలు చిక్కంతా అక్కడే ఉంది, మీకూ మీ అత్తగారికీ మధ్య. ఆడపడుచుతో మీకు గొడవేం లేదు, ఆ పిల్ల మిమ్మల్ని నమ్మి తల్లికి కూడా చెప్పనిది చెప్పుకుంది. మీవారూ అడుగుతున్నారు గానీ, గట్టిగా చెప్తే ఊరుకునే మనిషిలాగే ఉన్నారు. మీరు వదులుకోలేకపోతున్నది "డాక్టరుతో సమానం" అన్న మాట. ఇన్నేళ్లు దండగ చదువన్న నోటితో ఆ మాట వచ్చేసరికి పొంగిపోయి, చేయకూడదని మీకు ముందే తెలిసిన పని నెత్తినెత్తుకున్నారు. అత్తగారి మెప్పు కోరుకోవడం తప్పని నేననను, ఏ కోడలికి ఉండదు ఆ ఆశ! కానీ నిజంగా డాక్టరయితే, పేషెంటు బయటికి రాగానే వెనకాలే వెళ్లి "ఏమంది?" అని ఆవిడ అడిగేవారా? ఆవిడ మిమ్మల్ని పెట్టుకున్నది కూతురి మనసులో మాట తనకు మోసుకొచ్చే పనికి. పెళ్లయిన కూతురు నాలుగు నెలలుగా ఇంట్లో ఉంటే బంధువుల్లో ఏం చెప్పుకోవాలోనని ఆవిడ నలిగిపోతుంటారు, అదీ నిజమే. ఆ కంగారు తీర్చడానికి ఆడపిల్ల నమ్మకాన్ని ఖర్చుపెట్టే హక్కు మీకు లేదు, నాకు లేదు, ఎవరికీ లేదు.

నిష్పక్షపాతంగా ఉండలేని బంధువులకు, స్నేహితులకు కౌన్సెలింగ్ చేయకూడదని అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి చెబుతుంది. అమెరికా సంగతి మనకెందుకు అనుకుంటే మన గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నిబంధనలు తీసి చూడండి. ఆ కేసుల్లో ఏ పక్షానికి బంధువైనా కౌన్సెలర్‌గా పనికిరారు, అందరూ రాసిచ్చి ఒప్పుకుంటే తప్ప. ఇంకో సంగతి కూడా ఉంది వాటిలో, నాకు బాగా నచ్చింది. ఆ కౌన్సెలింగ్‌లో భర్త తను ఎందుకు కొట్టాడో చెప్పి సమర్థించుకోవడానికి వీల్లేదు. మన ఇళ్లలో పెద్దమనుషుల పంచాయితీ మొదలయ్యేదే "నువ్వేమన్నావమ్మా, అతనికంత కోపం ఎందుకొచ్చింది" అన్న ప్రశ్నతో. ఇక చెప్పింది బయటికి పోకూడదన్నది 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్‌లో హక్కుగానే ఉంది. ఆ చట్టం చెప్పే నిపుణుల కిందకి నా డిప్లొమా రాదు కదా అని నాతో వాదించకండి, క్లినిక్‌లో బయటివాళ్లకి పాటించేది ఇంట్లోవాళ్లకి పాటించకపోతే అదేం వృత్తి?

అందుకని, రేపటి నుంచి ఆ సాయంత్రం కూర్చోవడాలు బంద్. నోట్‌బుక్ ఆ అమ్మాయి చేతిలోనే పెట్టేయండి, చింపుకుంటుందో దాచుకుంటుందో ఆమె ఇష్టం. అత్తగారు అడిగితే, "అత్తయ్యా, ఇంట్లోవాళ్లకి నేను చేయకూడదు, చేస్తే నా ఉద్యోగానికే మచ్చ. ఏమంది అన్నది మీ అమ్మాయినే అడగండి, చెప్పాలనిపిస్తే చెబుతుంది" అనండి. నాలుగు రోజులు మూతి ముడుచుకుంటారు, మళ్లీ దండగ చదువు అంటారు, అననివ్వండి. మీవారితో కూడా అదే మాట, ఇంకాస్త గట్టిగా. చెల్లెలి మీద అంత ప్రేమ ఉంటే పక్కన కూర్చుని "నువ్వెన్నాళ్లయినా ఉండొచ్చు, ఇది నీ ఇల్లే" అని ఆయన ఒక్కసారి అంటే చాలు, మీ సెషన్లన్నీ కలిపినా రానంత ధైర్యం వస్తుంది ఆ పిల్లకి.

బయట ఎవరికి చూపించాలంటే, ఆర్‌సీఐలో, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టును చూడండి, మీ క్లినిక్‌లో మాత్రం వద్దు, మళ్లీ మీ చెవిన పడుతుంది. కొట్టడం గురించి మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే మీ జిల్లా వన్ స్టాప్ సెంటర్ వివరాలు చెబుతారు. కేసు పెట్టాలా వద్దా, వెళ్లాలా ఉండాలా అన్నది ఆమే తేల్చుకుంటుంది, ఆ దారులున్నాయని మాత్రం ఆమెకు తెలియాలి. మీరు వదినగా ఉండండి. తోడు వెళ్లండి, ఆటో ఎక్కించుకుని తీసుకెళ్లి బయట బెంచీ మీద కూర్చోండి, వచ్చాక ఏమన్నారని అడక్కండి.

ఒక పని మిగిలింది, అది మీకు కష్టంగానే ఉంటుంది. మీవారికి సగం చెప్పేశానన్నారు. ఆ సంగతి ఆ అమ్మాయికి ఆయన నోట వినపడక ముందే మీరు చెప్పాలి, ఏ సగం చెప్పారో కూడా దాచకుండా. ఆమె కోపం తెచ్చుకోవచ్చు, కొన్నాళ్లు మీతో మాట్లాడకపోవచ్చు. సర్దిచెప్పబోకండి, పడండి.