వీర్యకణాన్ని హీరో చెయ్యకు

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. క్షీరదాల్లో వీర్యకణం ఎలా పుడుతుందో, ఎలా పక్వమవుతుందో మామూలు పాఠకుడికి చెప్పాలనుకోవడం మంచి ఆలోచన. ఈ సంగతి మీద రాసేవాళ్లు అయితే పాఠ్యపుస్తకంలా రాస్తారు, లేదంటే సిగ్గుపడుతూ రాస్తారు. నువ్వు ఆ రెండూ చెయ్యలేదు. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

మొదటి పేరాలోనే 'కోట్లాది పోటీదారుల్ని ఓడించిన విజేత' అన్నావు. ఆ మాట కొట్టెయ్. అరిగిపోయిందని మాత్రమే అనడం లేదు, అది పాఠకుణ్ణి తప్పుదోవ పట్టిస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి చాలా దూరం దాకా వీర్యకణాన్ని ఇంకొకరు మోస్తారు, ఇంకొకరు పోషిస్తారు, ఇంకొకరు మారుస్తారు. ఈదడం దానికి చివర్లో గానీ రాదు. నీ వ్యాసం ఈ ఆధారపడటం మీద నడవాలి.

హార్మోన్లతో మొదలుపెట్టడం కూడా నాకు నచ్చలేదు. మొదటి పేజీలోనే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అని పిట్యూటరీ గ్రంథి హార్మోన్ల పేర్లు కనపడితే సగం మంది అక్కడే ఆగిపోతారు. ఎల్‌హెచ్ వృషణంలోని గొట్టాల మధ్య ఉండే లీడిగ్ కణాల చేత టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది, ఆ టెస్టోస్టిరాన్, ఎఫ్‌ఎస్‌హెచ్ కలిసి గొట్టాల లోపల వీర్యకణాల్ని పెంచే సెర్టోలి కణాల చేత పని చేయిస్తాయి. ఈ ముక్క మధ్యలో ఎక్కడో చెబితే చాలు. మొదట వృషణంలోని సన్నటి గొట్టాన్ని ఒకదాన్ని అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టు. అంచున, గోడకు ఆనుకుని మూలకణాలు ఉంటాయి. కొన్ని తమలాంటివాటినే పుట్టిస్తూ అక్కడే ఉండిపోతాయి, కొన్ని విభజన చెందుతూ లోపలికి బయల్దేరతాయి. కొంచెం లోపల, పెద్ద కేంద్రకంతో బొద్దుగా కనిపించేవి క్షయకరణ విభజనలో ఉన్నవి. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములు జతకట్టి ముక్కలు మార్చుకునేది ఇక్కడే. మనిషిలో 46 కాస్తా 23 అయ్యేదీ ఇక్కడే. ఇంకా లోపల చిన్నగా, గుండ్రంగా ఉన్నవి ఆ విభజన ముగించుకున్న స్పెర్మాటిడ్లు. నడిమి ఖాళీలోకి తోకలు వేలాడేసుకుని ఉన్నవి దాదాపు తయారైనవి. అంచు నుంచి మధ్యకు వచ్చేకొద్దీ వయసు పెరుగుతుంది. పాఠకుడికి ఈ బొమ్మ కళ్లకు కడితే పేర్లు వాటంతటవే అతుక్కుంటాయి.

ఇక సెర్టోలి కణాలు. 1865లో ఎన్రికో సెర్టోలి అనే ఇటలీ శాస్త్రవేత్త వీటిని వర్ణించాడు. నువ్వేమో 'పోషక కణాలు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఇవి గొట్టం అంచు నుంచి మధ్యదాకా నిలువుగా లేచి ఉంటాయి. పెరుగుతున్న కణాలన్నీ వీటి మడతల్లోనే ఒదిగి ఉంటాయి. పక్కపక్క సెర్టోలి కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, రక్తంలోంచి ఏది పడితే అది లోపలికి రాకుండా అడ్డుకట్ట కడతాయి. మగవాడిలో క్షయకరణ విభజన యుక్తవయసులో గానీ మొదలు కాదు. అప్పటికే రోగనిరోధక వ్యవస్థ అయినవాళ్లెవరో, పరాయివాళ్లెవరో నేర్చేసుకుని ఉంటుంది. ఆ తర్వాత పుట్టిన ఈ కొత్తవాళ్లను చూస్తే మీద పడుతుంది. అందుకే కట్ట. మరి అంచున పుట్టిన కణం ఆ కట్ట దాటేదెలా? కాలవ మీద లాకుల్లో పడవ దాటినట్టు. కణం వెనక కొత్త అతుకు పడ్డాకే ముందున్న పాత అతుకు విడుతుంది. ఏ క్షణంలోనూ దారి పూర్తిగా తెరుచుకోదు. ఈ సంగతికి ఒక పేరా మొత్తం ఇచ్చినా నష్టం లేదు.

'నాలుగు స్వతంత్ర కణాలు ఏర్పడతాయి' అన్న వాక్యం సరిచెయ్యి. ఒకే కణం సంతానం అప్పుడే విడిపోదు, సన్నటి వంతెనలతో కలిసే పెరుగుతుంది. వై క్రోమోజోము అందుకున్న కణానికి ఎక్స్ ఉండదు. ఎక్స్ మీది జన్యువుల వల్ల తయారైన సరుకు పక్క కణం నుంచి వంతెన మీదుగా అందుతుంది. వంతెనలు తెగేది గొట్టం వదిలి వెళ్లేటప్పుడే.

స్పెర్మాటిడ్ ఇక విభజన చెందదు, ఆకారం మార్చుకుంటుంది. నువ్వు బాగా రాసిన భాగం ఇదే. అండం పొరను దాటడానికి కావలసిన ఎంజైముల సంచి ఎక్రోసోమ్ టోపీలా తలకెక్కడం, మైటోకాండ్రియాలు తోక మొదట్లో చుట్లు చుట్టుకోవడం, అక్కర్లేని కణద్రవాన్ని వదిలేస్తే సెర్టోలి కణం మింగెయ్యడం అన్నీ వచ్చాయి. ఒకటే వదిలేశావు. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లు అనే ప్రోటీన్లు పోయి, వాటి చోట ప్రోటమిన్లు అనే వేరే ప్రోటీన్లు వస్తాయి. డీఎన్‌ఏ ఎంత బిగుసుకుపోతుందంటే దాంట్లోని జన్యువుల్ని చదవడం దాదాపు ఆగిపోతుంది. అంటే ఆ తర్వాత కణానికి కొత్తగా ఏం కావాలన్నా చుట్టూ ఉన్నవాళ్లే ఇవ్వాలి. తర్వాతి ఘట్టానికి తలుపు తీసేది ఈ వాక్యమే, దాన్ని పోగొట్టుకోకు.

74 రోజులు అని రాసి వదిలేశావు. అంకె వేశాక దానితో పని చేయించాలి. మనిషిలో మూలకణం నుంచి వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టే, ఈరోజు గట్టిగా జ్వరం వస్తే దాని దెబ్బ కొన్ని వారాల తర్వాతి వీర్య పరీక్షలో కనిపించవచ్చు. అందుకే ఒక రిపోర్టు తేడాగా వస్తే డాక్టర్లు కొన్నాళ్లాగి మళ్లీ చేయించమంటారు. ఈ ముక్క చదివితే టెన్షన్ తగ్గే పాఠకులు ఉంటారు. ఎలుకలో ఇదే పనికి సుమారు 52 రోజులు, చుంచెలుకలో 35.

ఇక్కడ నా వాదనకే ఎదురు తిరిగే సంగతి ఒకటుంది, దాచకు. 1998లో ఎలుక మూలకణాల్ని చుంచెలుక వృషణంలో పెట్టి చూశారు. పోషించిన సెర్టోలి కణాలు చుంచెలుకవి. అయినా ఎలుక కణాలు ఎలుక లెక్క ప్రకారమే పెరిగాయి. మోసేది ఎవరైనా గడియారం మాత్రం కణం సొంతం. ఇలాంటిది ఒకటి పెడితే వ్యాసం మీద నమ్మకం పెరుగుతుంది.

వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలన్న మాట సరైనదే గానీ, 'క్షీరదాలన్నిటిలో' అనడం తప్పు. ఏనుగుకు అవి ఒంట్లోనే ఉంటాయి. అక్కడ 'చాలా క్షీరదాల్లో' అని మార్చు, చాలు.

నీ వ్యాసం వృషణం దగ్గరే ముగిసింది. అదే పెద్ద లోపం. గొట్టంలోంచి వచ్చిన వీర్యకణం చూడటానికి పూర్తిగా తయారైనట్టే ఉంటుంది, కానీ ముందుకు ఈదలేదు. అది కొట్టుకొచ్చేది ద్రవంలో, గొట్టాల గోడలు ముడుచుకుంటూ తోస్తే. చేరేది వృషణం వెనక అంటుకుని ఉండే ఎపిడిడిమిస్‌కు. మనిషిలో చుట్లు విప్పి చాపితే ఇది సుమారు 6 మీటర్ల గొట్టం. ఆ గోడలు స్రవించే ప్రోటీన్లు, కొవ్వులు కణం పైపొరను మార్చేస్తాయి, లోపలి డీఎన్‌ఏ ఇంకా బిగుస్తుంది. ఈ గొట్టం మొదట్లో తీసిన కణాలు ఊరికే గిలగిల్లాడతాయి, చివర్లో తీసినవి తిన్నగా ఈదుతాయి. కాలం గడిస్తే వాటంతటవే పక్వమవుతాయని ఒకప్పుడు అనుకునేవారు. 1967లో బెడ్‌ఫర్డ్, ఆర్జెబిన్-క్రిస్ట్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా కుందేళ్ల మీద చేసిన పని ఆ నమ్మకాన్ని కదిలించింది. వయసొక్కటే చాలదు, ఆ గొట్టంలో కొంత దూరం రావాలి.

అక్కడితో కూడా పని కాదు. ఆడ జంతువు శరీరంలో కొంతసేపు గడిపితేగానీ వీర్యకణం అండంలోకి వెళ్లలేదని 1951లో చాంగ్, ఆస్టిన్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారే కనిపెట్టారు. దీన్ని కెపాసిటేషన్ అంటారు. పైపొరలోంచి కొలెస్టరాల్ పోతుంది, తోక కొట్టే తీరు మారుతుంది, ఎక్రోసోమ్ తెరుచుకోవడానికి సిద్ధమవుతుంది. చివరి మెరుగు పెట్టేది ఆడ శరీరమే. 'విజేత' అన్న మాట ఎందుకు కొట్టెయ్యమన్నానో ఇప్పుడు తెలిసిందా?

దీని తర్వాత ఇక్సీ గురించి రాయి. 1992లో తొలి గర్భధారణల వార్త వచ్చిన ఈ పద్ధతిలో వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలో పెడతారు, వృషణంలోంచి తీసిన కణమైనా పనికొస్తుంది. మరి ఎపిడిడిమిస్ ఎందుకు అని పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. ఈదాల్సిన అవసరం, అండం పొర చీల్చాల్సిన అవసరం సూది తీర్చేసింది కాబట్టి అని నువ్వే ముందుగా చెప్పెయ్.

సవరించాక ప్రతి అంకె పక్కన అది ఏ జంతువుదో రాసి ఉందా అని ఒకసారి చూసుకో. మూడో పేరాలో చుంచెలుక అంకె మనిషి ఖాతాలో పడింది. ఆ ప్రతి పంపితే, ఈసారి భాష సంగతి చూద్దాం.

ప్రేమతో,
అన్నయ్య