పొలం మీ చేతిలోనే ఉంటుంది, కానీ ఇంటి చుట్టూ ఎంత నేల మిగుల్చుకుంటారో ముందే తేల్చుకోండి

న్యూజెర్సీలో మీ మామగారి తాతల నాటి పొలాన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ కింద పెడితే అది ప్రభుత్వానిదైపోతుందా అని అడిగారు. కాదండీ. నేనూ ఆ రాష్ట్రంలోనే ఒక రైతు కుటుంబానికి కోడలిని. మా అత్తగారు ఆ కాగితాల మీద సంతకం చేసినప్పుడు పక్కనే ఉన్నాను.

మన ఊళ్లలో ఈజ్‌మెంట్ అంటే పొలానికి దారి, కాలువ నీళ్ల హక్కు. ఇది వేరు. పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చి ప్లాట్లు వేసుకునే అవకాశం ఉంటుంది చూడండి, ఆ అవకాశాన్ని మాత్రమే ప్రభుత్వ పథకానికి శాశ్వతంగా అమ్మేయడం అన్నమాట. పొలాన్ని అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. ఎవరి చేతికి వెళ్లినా సేద్యపు భూమిగానే ఉండాలి. ఇళ్ల స్థలాలుగా పలికే ధరలోంచి సేద్యానికి పలికే ధర తీసేస్తే మిగిలేదే ఈజ్‌మెంట్ విలువ. బ్యాంకు అప్పుంటే వాళ్లనూ ఒప్పించాలి, మాకు ఆరు నెలలు అక్కడే పోయాయి.

మేము దెబ్బ తిన్నది ఎక్సెప్షన్ ఏరియా దగ్గర. ఇంటి చుట్టూ కొంత నేలను ఆంక్షలకు బయట ఉంచుకోవచ్చు, కానీ దానికి డబ్బివ్వరు. వచ్చే సొమ్ము ఎందుకు వదులుకోవాలని మా అత్తగారు ఇల్లూ కొట్టమూ పట్టేంత, ఒక్క ఎకరమే ఉంచారు. అందులో ఒక్క ఇల్లే ఉండాలని దస్తావేజులో రాసుకున్నారు. నాలుగేళ్లకు మా మరిది తిరిగొచ్చి ఇల్లు కట్టుకుంటానన్నాడు. ఆ ఎకరం దాటితే పొలం పనివాళ్ల వసతికి తప్ప, అదీ అనుమతి ఉంటేనే తప్ప, ఇల్లు కుదరదన్నారు. నలభై ఏడెకరాల ఆసామి కొడుకు ఇప్పుడు ఊళ్లో అద్దెకుంటున్నాడు. ప్రతి థ్యాంక్స్‌గివింగ్ భోజనం దగ్గరా ఆ మాట రాక మానదు.

అందుకే ముందు అన్నదమ్ములంతా కూర్చోండి. ఎన్ని ఇళ్లకు చోటు కావాలి, ఆ ముక్కను విడిగా అమ్ముకునేలా రాయించుకోవాలా, పొలంతోనే ఉంచాలా అన్నది తేల్చుకోండి.

మీరు ఉత్తరంలో చెప్పిన, ఆ పొలంలోని పాత రాతి ఇల్లు మాత్రం దీనితో దక్కుతుందనుకోకండి. ఈ పథకం చూసుకునేది మట్టిని, గోడలను కాదు. దానికి చారిత్రక కట్టడాల ఈజ్‌మెంట్ వేరే ఉంది.

ఈజ్‌మెంట్‌ను అసలు విలువకన్నా తక్కువకు ఇస్తే, షరతులకు లోబడి, ఆ తేడాను విరాళంగా చూపి ఆదాయపు పన్నులో మినహాయింపు అడగవచ్చు. సగానికి పైగా ఆదాయం సేద్యం మీదే వచ్చేవారికి ఏడాది ఆదాయమంతా మినహాయింపులో పోవచ్చు, మిగిలిన మినహాయింపును తర్వాతి 15 ఏళ్ల వరకు వాడుకోవచ్చు. మీ జీతం చూసి కాదు, యజమాని మామగారే కాబట్టి ఆయన ఆదాయం మీద లెక్క వేయించండి.