స్టార్టప్ పెట్టదట, స్టార్టప్‌ల మీద రీసెర్చ్ చేస్తుందట!

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీకాం చివరి సంవత్సరం. మొన్నటిదాకా స్టార్టప్ పెడతానంటే నానా తంటాలు పడి మాన్పించాం. ఇప్పుడు 'కొన్ని ఊళ్లలోనే కొత్త వ్యాపారాలు ఎందుకు నిలబడతాయో రీసెర్చ్ చేస్తా' అంటోంది. ఎంబీఏ చేయమంటే వినడం లేదు. అసలు ఇలాంటి చదువు, ఉద్యోగం ఉన్నాయా? - ఒక తండ్రి

జవాబు: ఉన్నాయండీ. కాకపోతే 'స్టార్టప్ రీసెర్చర్' అని నోటిఫికేషన్ పడదు. రీసెర్చ్ అసోసియేట్, పాలసీ అనలిస్ట్, ప్రోగ్రామ్ ఇవాల్యుయేషన్ లాంటి పేర్లతో పడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ల కంటికి ఆనదు.

మీది కాకినాడ అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మీ అమ్మాయి అడుగుతున్న లాంటి ప్రశ్నే 60 ఏళ్ల కిందట మీ ఊళ్లోనే వేశారు. హార్వర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని సియెట్ సంస్థకు రప్పించి శిక్షణ ఇప్పించారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడున్న జాతీయ ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) సంస్థ అదే. సాధించాలన్న తపన పుట్టుకతో రావాలా, నేర్పితే వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. శిక్షణ తీసుకోనివాళ్లతో పోల్చి చూస్తే, తీసుకున్నవాళ్లు కొత్త వ్యాపారాల్లోకి ఎక్కువగా దిగారు, ఎక్కువమందికి పని కల్పించారు. ఇందులో ముఖ్యమైన మాట 'పోల్చి చూస్తే'. శిక్షణ తీసుకున్నవాళ్లను మాత్రమే కూర్చోబెట్టి 'బాగుందా?' అని అడిగితే అది రీసెర్చ్ కాదు, ఫీడ్‌బ్యాక్ ఫారం.

ఈ పనిలో పెద్ద చిక్కు కూడా అదే. గెలిచినవాళ్లు మైకు ముందుకు వస్తారు, మూసేసినవాళ్లు ఫోన్ ఎత్తరు. నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి కొత్త కంపెనీలకు చోటిచ్చి సాయం చేసే ఓ ఇంక్యుబేటర్‌లో (పేరెందుకు లెండి) ఇంటర్న్‌షిప్‌కు వెళ్లింది. విజయగాథలతో రిపోర్టు రాయమన్నారు. 'మూతపడ్డవాటి లిస్టు ఇవ్వండి సార్' అంటే 'అలాంటి ఫైలేం లేదమ్మా' అన్నారు. మర్నాడు ఆ అమ్మాయి మెట్ల పక్కనున్న నేమ్ బోర్డు దగ్గర నిలబడింది. అక్షరాలు పీకేసిన చోట జిగురు మరకలు మిగిలాయి. వాటిని బట్టి పేర్లు కూడబలుక్కుని, వాచ్‌మన్ దగ్గర నాలుగు ఫోన్ నంబర్లు సంపాదించింది. వాటిలో ఒక కంపెనీకి సరుకూ బాగుంది, ఆర్డర్లూ ఉన్నాయి. కొన్నవాళ్లు నెలల తరబడి బిల్లు చెల్లించలేదు, జీతాలివ్వలేక మూసేశారు. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెబుతూనే ఉంది! మీ అమ్మాయికి ఇలా జిగురు మరకలు వెతికే ఓపిక ఉందో లేదో ముందు చూడండి. మార్కుల సంగతి తర్వాత.

ఇక, కొత్త వ్యాపారానికి ఏది మేలు చేస్తుంది? చాలామంది డబ్బు, ఆఫీసు అంటారు. చిలీ ప్రభుత్వం 2010లో స్టార్టప్‌లకు ఒక పథకం పెట్టింది. వాటా అడగకుండా ఒక్కొక్కరికి సుమారు 40,000 డాలర్లు, కూర్చోవడానికి చోటు ఇచ్చింది. పరిశోధకులు తెలివిగా ఏం చేశారంటే, కటాఫ్‌కు కాస్త పైన ఉండి ఎంపికైనవాళ్లను, కాస్త కింద ఉండి తప్పిపోయినవాళ్లను పోల్చారు. మన ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుల్లో కటాఫ్‌కు అటూ ఇటూ ఉన్న పిల్లల మధ్య తేడా ఎంత ఉంటుంది? ఇదీ అంతే. డబ్బు, చోటు వల్ల మాత్రమే లాభం కలిగిందనడానికి ఆధారం దొరకలేదు. వాటితోపాటు వెంటపడి నేర్పించి, లెక్క అడిగే శిక్షణ కూడా అందినవాళ్లు మాత్రం ముందుకెళ్లారు.

మన దేశంలోనూ 100 మంది టెక్ స్టార్టప్ వ్యవస్థాపకులతో ఇలాంటి ప్రయోగమే జరిగింది, 2019లో అచ్చయింది. క్రమం తప్పకుండా మీటింగులు, టార్గెట్లు పెట్టి, సిబ్బందికి పనితీరు ఎలా ఉందో చెప్పే అలవాటున్న తోటి వ్యవస్థాపకుల సలహా అందినవాళ్ల కంపెనీలు రెండేళ్లకు, అలాంటి సలహా అందనివాళ్ల కంపెనీలకన్నా 28 శాతం పెద్దవయ్యాయి. నిజం చెప్పాలంటే ఇది చదివినప్పుడు నాకు కాస్త నవ్వొచ్చింది. ఇంత హడావిడి చేసి, తేలిందేమో మా నాన్నగారు కొట్టుకెళ్తూ రోజూ చెప్పిన సంగతే.

పరిశోధనకు ఇంకో దారి కంపెనీల వంశవృక్షం గీయడం. హైదరాబాద్ మందుల పరిశ్రమనే తీసుకోండి. 1961లో ప్రభుత్వం ఐడీపీఎల్ అనే మందుల కంపెనీని పెట్టింది. దాని హైదరాబాద్ ప్లాంటులో పని నేర్చుకున్న అంజిరెడ్డిగారు బయటికొచ్చి, వేరే కంపెనీల తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ మొదలుపెట్టారు. వీటన్నిటి వెనకాల, తయారీ పద్ధతి మారితే అదే మందు మనమూ చేసుకోవడానికి 2005 దాకా వీలిచ్చిన 1970 పేటెంట్ చట్టం ఉంది. 2015లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్ వచ్చేనాటికే ఈ ఊరికి ఇంత కథ ఉందన్నమాట. ఎవరు ఎక్కడ పని నేర్చుకుని బయటికొచ్చారో గీయడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, చార్టు, పెన్సిల్ చాలు.

చదువు సంగతి. ఎంఏ ఎకనామిక్స్ గానీ, పబ్లిక్ పాలసీ గానీ ఎంబీఏ కన్నా దగ్గరి దారి. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలంటారేమో దరఖాస్తుకు ముందే చూసుకోండి, బీకాం పిల్లలకు తగిలే దెబ్బ అక్కడే. స్టాటిస్టిక్స్ మాత్రం తప్పదు. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. ఐఐఎంల పీహెచ్‌డీకైతే ఫీజు లేదు, స్టైపెండ్ కూడా వస్తుంది. ఎంబీఏకు మీరు తీయబోయే లోన్‌తో పోల్చుకోండి. ఒక్కటి మాత్రం నిజం, స్థిరమైన జీతం ఆలస్యంగా వస్తుంది. ప్రాజెక్టు అయిపోగానే ఇంకోటి వెతుక్కోవాలి. ఆ టెన్షన్ మీకూ ఉంటుంది.

బీకాం వృథా అనుకోకండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీకి 100 రూపాయలు కడితే దాని బ్యాలెన్స్ షీట్లు చూడొచ్చు. వాటిని చదవడం ఆ అమ్మాయికి ఇప్పటికే వచ్చు.

ఈ వేసవిలో ఒక పని ఇవ్వండి. భీమవరం వైపు చేపలు, రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు, మేత, ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) వ్యాపారం పెట్టినవాళ్లు పదిమందిని కలవమనండి. అందులో నలుగురైనా మూసేసినవాళ్లు ఉండాలి. మొదటి కస్టమర్ ఎవరు, మొదటి లక్ష ఎక్కడిది, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు? ఈ మూడు అడిగి రాసుకోమనండి. బస్సు చార్జీలు మీరే ఇవ్వండి. ఆ నోట్సు తెచ్చాక చదివి, అప్పుడు ఎంబీఏ గురించి ఇద్దరూ మాట్లాడుకోండి.